మానినాక చూద్దాం: కర్నూలు ఆర్టిస్ట్‌తో 16 వారాల ట్రైనింగ్, ఒక కేస్ స్టడీ

పోయిన సంక్రాంతి దాటిన వారానికి ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది, "అక్కా, కర్నూల్లో ఎనిమిదేళ్ళ నుంచి టాటూలు వేస్తున్నా, బేసిక్స్ వద్దు, అడ్వాన్స్‌డ్ ఒకటే నేర్పిస్తారా" అని. అనంతపురంలో నేను స్టూడియో పెట్టి పదకొండేళ్ళు అయింది, అంతకుముందు బెంగళూరులో ఒక సీనియర్ దగ్గర నాలుగేళ్ళు పని చేసినా, కాబట్టి ఇట్లాంటి మెసేజ్‌లు నాకు కొత్త కాదు. ఐదారేళ్ళు చేయి తిరిగినోళ్ళు వస్తుంటారు, అందరూ మొదట అనే మాట అదే, బేసిక్స్ వద్దు అని. నేనూ ఒకప్పుడు బెంగళూరులో సరిగ్గా అదే అని తిట్లు తిన్నా, ఆ కథ ఇప్పుడెందుకులే.

ఇది రాయడానికి అతన్ని అడిగినా, సరే అన్నాకే రాస్తున్నా. పేరు, షాపు చెప్పను, తమ్ముడు అని రాస్తా. "నా తప్పులు కూడా రాయండక్కా, ఫోటోలు మాత్రం పెట్టొద్దు" అన్నాడు.

సోమవారం అతని షాపుకి సెలవు. పొద్దున్నే కర్నూల్లో బస్సెక్కితే డోన్, గుత్తి మీదుగా పదిన్నరకల్లా నా దగ్గర ఉంటాడు, సాయంత్రం మళ్ళీ బస్సు. వారానికి ఒక రోజు లెక్కన 16 వారాలు అని మాట్లాడుకున్నాం. వారం రోజుల కోర్సులు, మూడు రోజుల వర్క్‌షాపులు ఉంటాయి కదా అంటారు, ఉంటాయి, నేను చెప్పను, ఎందుకంటే టాటూ మానడానికే పైపైన రెండు మూడు వారాలు, లోపల ఇంకు కుదురుకోవడానికి నెలన్నర రెండు నెలలు పడుతుంది. మానకముందే కోర్సు అయిపోతే నేర్చుకున్నది నిలబడిందో లేదో చూసేదెప్పుడు.

మొదటి రోజు ట్యాబ్ తెచ్చి తన పనులు చూపించినాడు. అహోబిలం నరసింహస్వామి, శివుడు, చనిపోయిన నాన్న ఫోటోలు, పిల్లల పేర్లు, ఒక సింహం. చేయి మంచిది, అబద్ధం చెప్పను, డ్రాయింగ్ నాకంటే బాగుంది. నల్లగా నిగనిగలాడుతున్నాయి అన్నీ. నేను ఒకటే అడిగినా, "మానినాక తీసిన ఫోటోలు పది చూపియ్యి." అతను స్క్రీన్ పైకీ కిందికీ తోసి తోసి రెండు చూపించినాడు. ఎనిమిదేళ్ళలో రెండు. అందులో ఒకటి వాళ్ళ బామ్మర్ది చెయ్యి.

ఇది అతని ఒక్కడి సంగతి కాదు, నాకు వచ్చే సీనియర్లలో అందరిదీ ఇదే కథ. వేసిన పది నిమిషాలకి ఫోటో తీస్తాం, అప్పుడు చర్మం ఎర్రగా ఉబ్బి ఉంటుంది, పైపొరలో కూడా ఇంకు నిండి ఉంటుంది, పైన గ్లైడ్ (సూది పని చేసేటప్పుడు తోలు మీద రాసే జిడ్డు క్రీము) రాసి ఉంటాం, లైట్ కింద ప్రతి గ్రే షేడూ కనిపిస్తుంది. ఆ పైపొర రెండు మూడు వారాల్లో రాలిపోతుంది, దాంట్లో ఉన్న ఇంకు దాంతోనే పోతుంది. మిగిలేది కింద పొరలో ఉన్నదే, పైనుంచి లెక్కేస్తే ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో, అదీ ఒళ్ళంతా ఒకటి కాదు, మణికట్టు లోపలి వైపు తోలు పల్చన, వీపు మీద మందం. అక్కడ ఇంకు ఊరికే రంగు పూసినట్టు ఉండదు, ఒంట్లో కాపలా కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి, అవి చనిపోతే పక్కన కొత్తవి వచ్చి అదే ఇంకుని మళ్ళీ మింగుతాయి, 2018లో ఫ్రాన్స్‌లో ఎలుకల తోకల మీద చూసి చెప్పిన సంగతి ఇది. అంటే మనం వేసింది ఆ రోజుతో ఆగిపోదు, ఏళ్ళ తరబడి చేతులు మారుతా ఉంటుంది. ఆర్టిస్ట్ మాత్రం పది నిమిషాల ఫోటో చూసుకుని ఎనిమిదేళ్ళు గడిపేస్తాడు. అదేదో వంటాయన పొయ్యి మీద ఉన్నప్పుడే రుచి చూసి, తిన్నోళ్ళ మొహం ఎప్పుడూ చూడనట్టు.

కాబట్టి మొదటి రెండు వారాలు మెషిన్ ముట్టనియ్యలేదు. హోంవర్క్ ఏందంటే పాత కస్టమర్లకి ఫోన్ చెయ్యాల. ఏడాది దాటినోళ్ళు పద్నాలుగు మంది. ఇది చెప్పినప్పుడు అతని మొహం చూడాల్సింది, "ఫోన్ చేస్తే డబ్బులు వాపసు అడుగుతారేమో అక్కా" అన్నాడు. అడిగితే టచప్ ఫ్రీగా చేస్తానని చెప్పు అన్నా. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది షాపుకి వచ్చినారు, మిగతావాళ్ళు ఎత్తలేదు, ఒకాయన ఎత్తి పెట్టేసినాడంట. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయమన్నా.

ఆ తొమ్మిదీ టేబుల్ మీద పరిచి కూర్చున్నాం. ఐదింటిలో షేడింగ్ సగం లేదు, ఒక నాన్న పోర్ట్రెయిట్‌లో బుగ్గ మీద నీడంతా మాయమై కళ్ళు, మీసం, చొక్కా కాలర్ మాత్రం మిగిలినాయి, పాపం గాల్లో తేలే మీసంలాగా. మూడింటిలో లైను పక్కలకి నీలంగా పాకింది, మేం బ్లోఅవుట్ అంటాం, సూది అవసరానికి మించి కిందికి దిగి కొవ్వు పొరలో ఇంకు చిందితే అట్ల అవుతుంది, ఆ మూడూ మణికట్టు లోపల, జబ్బ లోపల వేసినవే. ఇంకోదాంట్లో తోలు మీద చెయ్యి పెడితే గరుకు తగులుతుంది, ఒకే చోట మళ్ళీ మళ్ళీ రుద్దిన గుర్తు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు తమ్ముడు. తర్వాత "ఈ నాన్న బొమ్మ వేసినప్పుడు ఆయన కొడుకు ఏడ్చినాడక్కా, నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాడు" అన్నాడు. నేనేం అనలేదు, టీ చెప్పినా.

మూడో వారం పని చేస్తుంటే చూసినా. నా దగ్గరికి వచ్చే ఒక రెగ్యులర్ కస్టమర్, జబ్బ మీద చిన్న లోటస్, తెలిసే ఒప్పుకున్నాడు. మామూలుగా ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు బొమ్మ వైపు చూస్తారు, నేను మెషిన్ వైపు, ఎడమ చేతి వైపు చూస్తా, చెవి పెట్టి సౌండు వింటా. అతని పెన్ మెషిన్ స్ట్రోక్, అంటే సూది ఒక్కో దెబ్బకి కదిలే దూరం, 4.2 మిల్లీమీటర్లు, గట్టిగా కొట్టే రకం, నలుపు నింపడానికి బాగుంటుంది, మెత్తటి షేడింగ్‌కి అది సమ్మెటతో కుంకుమ పెట్టినట్టే. వోల్టేజ్ (అది పెరిగేకొద్దీ సూది వేగం పెరుగుతుంది) తొమ్మిది దగ్గర పెట్టి చెయ్యి మాత్రం నింపాదిగా కదుపుతున్నాడు, ఒక్కో మిల్లీమీటర్‌లో సూది ఎన్నిసార్లు దిగుతుందో లెక్కేసుకోండి. అదీ కాక సూదిని కాట్రిడ్జ్ (సూది అమర్చి ఉండే ప్లాస్టిక్ గొట్టం) కొన నుంచి బాగా బయటికి పెట్టి, చేతి అంచనాతో లోతు చూసుకుంటున్నాడు, పొద్దున చెయ్యి బాగానే ఉంటుంది, మూడు గంటలు గడిచినాక అలసిన చెయ్యి కిందికి దిగుతుంది. ఎడమ చెయ్యి అయితే దాదాపు ఖాళీ. బొటనవేలితో ఒక వైపు లాగి పట్టుకున్నాడు అంతే. తోలుని మూడు వైపులకి లాగి డప్పు తోలులాగా బిగిస్తేనే సూది తిన్నగా దిగుతుంది, లేకపోతే తోలు సూదితో పాటు కిందికీ పైకీ ఊగుతుంది, ఇంకు దిగలేదని మళ్ళీ అక్కడే కొడతాం, ఆ గరుకు చెయ్యి అట్ల వచ్చిందే.

ఇంకొకటి, టిష్యూ. ప్రతి రెండు సెకన్లకి గట్టిగా తుడవడం. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పైన ఉబ్బిన తోలుని పొడి కాగితంతో రుద్దితే ఇసుక కాగితం పట్టినట్టే, తడిపి మెల్లగా ఒత్తాల గానీ తుడవకూడదు. చెప్పినాక కూడా నాలుగు సోమవారాలు పట్టింది ఆ అలవాటు పోవడానికి, చివరికి టిష్యూ డబ్బా అతనికి అందనంత దూరం జరిపినా, లేచి వెళ్ళి తెచ్చుకోవాలంటే బద్ధకం కదా, అప్పుడు తగ్గింది.

ఇప్పుడు అసలు సంగతి, గ్రే వాష్, అంటే నల్ల ఇంకుని నీళ్ళతో పల్చన చేసి వేసే గ్రే నీడలు. నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. మనం చూసే వీడియోలు ఎక్కువగా తెల్ల తోలు మీద చేసినవి. మన తోలు రంగు, మెలనిన్, పైపొరలో ఉంటుంది, ఇంకు దాని కింద ఉంటుంది, అంటే మనం వేసిన బొమ్మని జీవితాంతం ఒక గోధుమ రంగు అద్దం లోంచి చూస్తున్నట్టే. లేత గ్రే ఆ అద్దంలో కలిసిపోతుంది. ఇది నోటితో చెబితే అతను తల ఊపుతాడు, మరుసటి రోజు మళ్ళీ అదే రెడీమేడ్ లేత గ్రే బాటిల్ తీస్తాడు. అందుకని తన తొడ మీదే వేసుకోమన్నా.

అరంగుళం చదరాలు ఐదు. నాలుగు కప్పుల్లో డిస్టిల్డ్ వాటర్ సమానంగా, ఒకదాంట్లో రెండు చుక్కల నలుపు, తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు, ఐదో కప్పులో నీళ్ళే లేని నలుపు. ఒకే సూది, కర్వ్‌డ్ మ్యాగ్నం (షేడింగ్‌కి వాడే వెడల్పు సూదుల గుత్తి), ఒకే వోల్టేజ్, మెషిన్ మాత్రం నాది, స్ట్రోక్ తక్కువది. ప్రతి చదరం పక్కన బాల్‌పెన్‌తో నంబర్ రాసి ఫోటో. తర్వాత పదో రోజు, ముప్పయ్యో రోజు, నలభై ఐదో రోజు, అదే కిటికీ దగ్గర అదే టైముకి ఫోటో. ఆ రోజు వేసినప్పుడు ఐదు మెట్లూ ఎంత అందంగా ఉన్నాయో, స్కూల్లో పెన్సిల్ షేడింగ్ చార్ట్‌లాగా. నలభై ఐదో రోజు తమ్ముడు ప్యాంటు మోకాలి పైకి మడిచి కూర్చున్నాడు, మొదటి చదరం యాడుందో వెతకాల్సి వచ్చింది, పక్కన ఫోటోలో కొలిచి చూస్తే గానీ చోటు తెలీలేదు. రెండోది ఎండలో వంచి చూస్తే మురికి మరకలాగా. మూడోది పాత కమిలిన దెబ్బ. నాలుగోది గ్రే అనిపించుకుంది, ఐదోది నలుపు. అంటే అతను ఇన్నేళ్ళూ ఐదు మెట్ల మీద బుగ్గలు, నుదుర్లు కట్టినాడు, కస్టమర్ ఇంటికి పోయేసరికి రెండు మెట్లే మిగిలినాయి. "నాన్న బుగ్గ ఇక్కడ పోయిందక్కా" అన్నాడు మొదటి చదరం మీద వేలు పెట్టి.

నేను మొదటినుంచీ వాడేది మూడే: తోలు రంగు, ఒక గట్టి గ్రే, నలుపు. వెలుతురు ఉన్న చోట ఏమీ వెయ్యకుండా తోలు వదిలెయ్యాల. చెప్పడానికి సులువే, ఎనిమిదేళ్ళు ఖాళీ కనిపిస్తే నింపిన చేతికి వదిలెయ్యడం మహా కష్టం. దానికోసం రెండు పనులు చేయించినా, రెండూ స్టూడియో బయటే.

ఒకటి పచ్చబొట్లు. మన సీమలో ముసలమ్మల చేతులు చూడండి, మోచేతి నుంచి మణికట్టు దాకా చుక్కలు, ముగ్గు గీతలు, తేలు, కొందరికి గడ్డం మీద మూడు చుక్కలు. ఎక్కువగా ఎరుకల ఆడోళ్ళు ఊరూరా తిరిగి పొడిచినవి, దీపం మసి, ఆకు పసరు, చనుబాలు కలిపి సూదులతో. మాని యాభై అరవై ఏళ్ళయిన టాటూలు మన కళ్ళ ముందు సంతలో కూరగాయలు అమ్ముతుంటే మనం ఫోన్లో చూస్తాం. అడిగి, ఒప్పుకున్నోళ్ళవే, స్కేలు పెట్టి ఫోటో తీసుకురా అన్నా. ఇరవై ఒక్క చేతులు తెచ్చినాడు. బేతంచెర్ల దగ్గర ఒక అవ్వ అయితే స్కేలు చూసి "ఏమబ్బీ, గుడ్డ కొలుస్తాండావా" అనిందంట, తర్వాత కూర్చోబెట్టి కథ చెప్పింది, పెళ్ళికి ముందు పొడిపించుకుందంట, పొడిచినామెకి సేరు జొన్నలు, ఒక పాత రవిక ఇచ్చినారంట, వారం రోజులు చెయ్యి వాచి పని చెయ్యకుండా కూర్చునిందంట, అదొక్కటే సుఖం అనిందంట. ఆ చేతిలో గీతలు ఇప్పుడు మూడు మిల్లీమీటర్ల వెడల్పు. చుక్కకీ చుక్కకీ మధ్య వడ్లగింజ అంత సందు వదిలిన చోట ముగ్గు ఇంకా ముగ్గులాగే ఉంది, దగ్గర దగ్గరగా పొడిచిన తేలు మాత్రం ఇప్పుడు ఏ జంతువో చెప్పలేం. తమ్ముడు వేసే చిన్న అక్షరాల పేర్లు, 0.25 మిల్లీమీటర్ సూదితో, 'అ'లో సున్నకీ తోకకీ మధ్య సందు ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు, అవి ఇరవై ఏళ్ళకి ఏమవుతాయో అవ్వ చెయ్యే చెప్పింది. ఆ రోజు నుంచి తెలుగు అక్షరాలకి కనీసం సైజు పెట్టుకున్నాడు. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, ఇంగ్లీషు అక్షరం తట్టుకున్నంత చిన్న సైజు మనది తట్టుకోదు.

రెండోది నిమ్మలకుంట. ధర్మవరం దగ్గర, తోలుబొమ్మల ఊరు, 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. ఒక సోమవారం ఇద్దరం పోయినాం. మేకతోలుని పల్చగా, వెలుతురు దూరేట్టు తయారు చేసి దాని మీద గీసి రంగులేస్తారు. తమ్ముడు మొదట రంగులు చూసినాడు. అక్కడ ఒకాయన బొమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు, అప్పుడు కనిపించింది, రాముడి కిరీటం, కంఠహారం, నడుము పట్టీ ఏదీ గీసింది కాదు, అన్నీ రంధ్రాలే, చిన్న ఉలితో కొట్టిన చిల్లులు. నగ ఉండాల్సిన చోట తోలే లేదు, అక్కడినుంచి దీపం వస్తుంది, అదే మెరుపు. రాత్రి ఊరంతా దూరంగా కూర్చుని చూసే బొమ్మ కదా, సన్న షేడింగ్ ఎవడికి కనిపిస్తుంది, నలుపూ వెలుగూ రెండే పని చేస్తాయి. తమ్ముడు ఆ బొమ్మని పట్టుకుని తిప్పి తిప్పి చూసినాడు, తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నోట్‌బుక్‌లో నరసింహస్వామి కిరీటమే గీస్తా కూర్చున్నాడు, చుట్టూ నల్లగా, పూసలు మాత్రం ఖాళీగా. నేను మూడు నెలల్లో చెప్పలేనిది ఆ ముసలాయన బొమ్మ ఎత్తి చూపించి చెప్పేసినాడు, కొంచెం ఈర్ష్య కూడా పడినా.

నా తప్పు ఒకటి ఉంది, అది రాయకపోతే ఈ కేసు సగమే. మార్చి మధ్యలో తమ్ముడి పిక్క మీద నేనే ఒక డెమో వేసినా, స్ట్రెచ్ ఎట్ల పట్టాలో చూపించడానికి. వేసినాక సెకండ్ స్కిన్ ఫిల్మ్ (టాటూ మీద అతికించే పల్చటి ప్లాస్టిక్ పొర) అతికించి, ఐదు రోజులు తీయొద్దని పంపించినా. నా ఏసీ గదిలో అది బాగానే పని చేస్తుంది. అతను ఎండలో కిటికీ పక్కన మూడు గంటల బస్సు, తర్వాత రేకుల షెడ్డు కింద షాపు. మూడో రోజు రాత్రి ఫోటో పంపినాడు, ఫిల్మ్ కింద చెమట, నీరు నిండి సంచిలాగా వేలాడుతోంది, చుట్టూ జిగురు తగిలిన చోట ఎర్రటి దద్దుర్లు. వెంటనే తీసేసి, వాసన లేని సబ్బుతో కడిగి, గాలికి ఆరబెట్టమన్నా, జ్వరం గానీ చీము గానీ కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పోవాల, నాకు మెసేజ్ పెట్టి కూర్చోవద్దు అని కూడా చెప్పినా. అంత దూరం పోలేదు, కానీ ఒక మూల చెక్కు మందంగా కట్టి ఊడిపోయింది, అక్కడ ఇంకు లేదు ఇప్పటికీ. ఇంత కాలం కస్టమర్లకి ఒకే ఆఫ్టర్‌కేర్ కాగితం, అంటే టాటూ మానేదాకా ఎట్ల చూసుకోవాలో రాసింది, ఇస్తూ వచ్చినా, వాళ్ళు యాడ పని చేస్తారో అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. పొలం పని, వెల్డింగ్, ఆటో, వీళ్ళకి మార్చి నుంచి జూన్ దాకా ఫిల్మ్ పెట్టను, పెట్టినా ఒక్క రోజే. ఇంట్లో అమ్మలు పసుపు, కొబ్బరినూనె దట్టంగా పూస్తారు, అది వద్దని కాగితం మీద రాస్తే చాలదు, అమ్మకే ఫోన్ చేసి చెప్పాల.

పదో వారం నేనే కర్నూలు పోయినా. సీనియర్లకి ట్రైనింగ్ అంటే వాళ్ళ షాపు కూడా చూడాల్సిందే. కొండారెడ్డి బురుజుకి కొంచెం దూరంలో, మేడ మీద, శుభ్రంగానే ఉంది చూపుకి. మూలలో నీలం లైటు డబ్బా. "స్టెరిలైజర్ అక్కా" అన్నాడు గర్వంగా. అది బ్యూటీ పార్లర్లలో దువ్వెనలు పెట్టుకునే యూవీ డబ్బా, లైటు తగిలిన వైపు కొంచెం పని చేస్తుందేమో, మెషిన్ పట్టుకునే స్టీలు గ్రిప్పు లోపలి బొక్కలో ఉన్నదాన్ని అదేం చెయ్యదు. ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీలు, 15 నిమిషాలు తగ్గకుండా, అది ఆటోక్లేవ్. లేకపోతే గ్రిప్పు కూడా ఒకసారి వాడి పారేసేదే కొనుక్కో అన్నా, అతను రెండోది పట్టుకున్నాడు, లెక్క చూసుకుంటే అదే చవక. కాట్రిడ్జ్‌లు ఒకసారివే వాడుతున్నాడు, బాగుంది, కానీ కొన్నిట్లో మెంబ్రేన్ లేదు, అది లేకపోతే రక్తం, ఇంకు వెనక్కి మెషిన్‌లోకి పోతాయి, సూది పారేసినా మెషిన్ మిగిలే ఉంటుంది కదా. ఇంకు బాటిళ్ళలో రెండింటికి బ్యాచ్ నంబర్ లేదు, తేదీ లేదు. యూరప్‌లో 2022 జనవరి నుంచి టాటూ ఇంకుల్లో నాలుగు వేలకి పైగా కెమికల్స్ మీద కట్టడి ఉంది, మన దగ్గర అడిగేవాడు లేడు కాబట్టి మనమే లేబుల్ చదవాల. ఆ రెండూ సింక్‌లో పోసేసినాం. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా అంటే తల గోక్కున్నాడు. ఎనిమిదేళ్ళుగా రక్తంతో పని. మరుసటి రోజే మొదటి డోసు వేయించుకున్నాడు, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది, ఆ మూడోది వేయించుకున్న కాగితం చూపిస్తే గానీ నేను సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనని చెప్పేసినా. నా సర్టిఫికెట్‌కి బయట విలువేం లేదనుకోండి, కానీ అతనికి గోడ మీద కావాల.

కస్టమర్‌తో మాట్లాడటం కూడా నేర్పించాల్సి వచ్చింది, దీన్ని ఎవరూ అడ్వాన్స్‌డ్ అనుకోరు. ఒకరోజు ఉరవకొండ వైపు నుంచి ఒక పిల్లోడు వచ్చినాడు, ఇరవై ఏళ్ళు, ముంజేతి పై వైపు నుంచి జబ్బ దాకా పెద్ద సింహం కావాలని, డబ్బులు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. తమ్ముడి కళ్ళు మెరిసినాయి. నేను మామూలుగా "ఏం చేస్తుంటావు నాయనా" అని అడిగినా, ఆర్మీ ర్యాలీకి ప్రాక్టీస్ చేస్తున్నా అన్నాడు. ముంజేయి లోపలి వైపు మోచేతి నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు, ఈ రెండు చోట్ల తప్ప మిగతా యాడ టాటూ ఉన్నా ఆర్మీ సెలక్షన్లో పక్కన పెడతారు, కొన్ని గిరిజన తెగలకే మినహాయింపు. ఆ పిల్లోడికి తెలీదు. తమ్ముడికీ తెలీదు. సీమలో ఊరికి పది మంది ర్యాలీకి పరిగెత్తేచోట ఎనిమిదేళ్ళు టాటూలు వేసినోడికి ఇది తెలీకపోతే ఎట్ల అని ఆ రోజు గట్టిగానే అన్నా. పిల్లోడిని పంపించేసినాం, ఉద్యోగం వచ్చినాక రా అని. పోతా పోతా "టీ అయినా తాగిపో" అంటే తాగి పోయినాడు, డబ్బులు జేబులో పెట్టుకుని.

పన్నెండో వారం అసలు పరీక్ష. ఆ తొమ్మిది మందిలో ఒకాయన, నరసింహస్వామి జబ్బ మీద వేయించుకున్నాయన, షేడింగ్ పోయి మొహం పల్చబడింది, రెండో చేతికి కొత్తది కావాలన్నాడు, పాతదాన్ని కూడా సరి చెయ్యమన్నాడు, ధైర్యం ఉన్న మనిషి. డిజైన్ ఆరుసార్లు వెనక్కి కొట్టినా. మొదటిసారి తెచ్చినదాంట్లో జూలులో ప్రతి వెంట్రుకా ఉంది. గోడకి అతికించి, ఎనిమిది అడుగుల దూరం పోయి, కళ్ళు సగం మూసి చూడమన్నా, "ఏం కనిపిస్తుంది?" అంటే "నల్ల ముద్ద అక్కా" అన్నాడు. ఆరోసారికి వెంట్రుకలు పాయలైనాయి, కిరీటం పూసలు ఖాళీ తోలు అయినాయి, బొమ్మ సైజు అరచేతి నుంచి జానెడుకి పెరిగింది. స్టెన్సిల్, అంటే తోలు మీద దించే గీతల నమూనా, పెట్టినాక పదిహేను నిమిషాలు ఆరనిచ్చినాడు, మామూలుగా ఐదు నిమిషాలకే మొదలుపెట్టేవాడు. లైన్లకి 0.35 సూదుల గుత్తి, షేడింగ్‌కి స్ట్రోక్ తక్కువ ఉన్న మెషిన్, ఏడు వోల్టుల దగ్గర. ఆరు గంటల పని రెండు సిట్టింగులు చేసినాం, రెండింటి మధ్య మూడు వారాలు. నేను పక్కన కూర్చుని ఒక్క మాటే పదే పదే అన్నా, "వదిలెయ్." సింహం నుదుటి మీద చిన్న ఖాళీ ఉంది, అతని చెయ్యి నాలుగుసార్లు అక్కడికి పోయి నాలుగుసార్లు వెనక్కి వచ్చింది, ఐదోసారి నేను కాఫీకి లేచినప్పుడు నింపేసినాడు. వచ్చి చూసినా, ఏం అనలేదు. మానినాక ఆ చోటు చదునుగా, బరువుగా కనిపిస్తుంది, అతనే చూపించి చెప్పినాడు.

రెండో సిట్టింగ్ అయినాక ఆరో వారం ఫోటో వచ్చింది, ఎండలో, షాపు బయట, ఫ్లాష్ లేకుండా, స్కేలు పెట్టి. కోరలు, కళ్ళు, కిరీటం అంతా నిలబడింది. రోడ్డు అవతలినుంచి కూడా ఎవరో తెలుస్తుంది. కింద జూలు మోచేతి మడతలోకి దిగిన చోట గ్రే పల్చబడింది, అక్కడ రోజుకి వెయ్యిసార్లు తోలు మడత పడుతుంది, నేను డిజైన్ అక్కడిదాకా పోనియ్యకుండా ఉండాల్సింది. నుదుటి మీద నింపిన ఖాళీ గురించి పైన చెప్పినా.

డబ్బుల సంగతి కూడా రాస్తా, ఎవరూ రాయరు కాబట్టి. నేను తీసుకున్నది నలభై వేలు, నాలుగు విడతల్లో. అతనికి అసలు దెబ్బ అది కాదు, ఆ నాలుగు నెలల్లో రోజుకి మూడు నాలుగు చిన్న పేర్లు వేసే పని సగానికి తగ్గించుకున్నాడు, సైజు పెంచమంటే కొందరు పక్క షాపుకి పోయినారు, అక్కడ చిన్న సైజులోనే చవకగా వేసి పంపించినారు. ఇంట్లో భార్య అడిగిందంట, నేర్చుకోవడానికి పోయి ఉన్న గిరాకీ పోగొట్టుకుంటివా అని. దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. జూన్ నుంచి పెద్ద పనులకి రేటు పెంచినాడు, నెలకి నాలుగైదు వస్తున్నాయి, పాత లెక్క ఇంకా అందుకోలేదు.

నాన్న పోర్ట్రెయిట్ అబ్బాయిని మళ్ళీ పిలిపించినాడు. ఫ్రీ టచప్ అని చెప్పి, పాత ఫోటో తెప్పించుకుని, బుగ్గ ఎముక కింద గట్టి గ్రేతో ఒకే ఒక నీడ, గడ్డం కింద నలుపు, మిగతా బుగ్గంతా తోలే. గంటన్నర పని. అయిపోయినాక ఆ అబ్బాయి ఫోటో తీయమన్నాడంట, ఎప్పటిలాగే ఫోన్ తీసి ఎత్తి మళ్ళీ జేబులో పెట్టేసినాడంట తమ్ముడు, "రెండు నెలలు ఆగి రాన్నా, అప్పుడు తీస్తా" అని. ఆ ఫోటో ఇంకా నాకు రాలేదు, వచ్చే నెల పదిహేనో తారీకు దాటాల.